ఉమ్మడి ధనము – ఊరి పాలు



కుడిమరామత్తు అను మాటను మీలో వయోవృద్ధులు ఎఱుగుదురు. చెఱువుకట్టకు గండి పడినప్పుడు, పంటకాలువ పూడినప్పుడు ఊరిలోని కాపులందఱు పలుగులు, పారలు, గంపలు గొని వచ్చి మట్టిపని చేయుదురు. తూములు, కలుజులు మున్నగు రాతికట్టుబడి పనులను సర్కారువారు చేయింతురు. చెన్నపురి రాజధానిలో ఈ యాచారము 1858వ సంవత్సరమున చట్టమునకు సైతము ఎక్కినది. ఇందలి కిటుకును మీకు నేను చెప్పనక్కఱలేదు. సర్కారు పాలు వచ్చియు ఊరి పాలు రాకపోయినచో కట్ట నిలువదు. ఊరివారు సిద్ధముగా నుండియు సర్కారువారు తూము కట్టింపకున్నచో నీరు నిలువదు.

నేడు నేను చెప్పబోవు సంగతి దూరదేశములది; మొదట విన్నప్పుడు దానితో మనకేమి సంబంధమనిపించును. యూరోపుఖండమునందలి పట్టణములు కొన్ని తమ వీధులలోని గాలిని, నీటిని, చప్పుడును, బండ్ల రాకపోకలను యంత్రములచే లెక్కింపించి, ఆ లెక్కలనుబట్టి పురపాలనము సాగింపవలెనని పూనుకొన్నవి. అందులకగు వ్యయములో కొంతపాలు భరింపుడని యూరోపియను యూనియనువారికి అర్జీలు పెట్టుకొనుచున్నవి. ఆ యర్జీల పద్ధతిని విన్నప్పుడు నాకు మొట్టమొదట స్ఫురించినది మన కుడిమరామత్తే. అందుచేతనే ఈ విషయమును మీ యెదుట పెట్టుటకు సాహసించుచున్నాను.

ముందుగా మాటలను సరిచూచుకొందము. స్మార్టు సిటీ యని పత్రికలలో తఱచుగా చదువుచున్నాము. తెలివిగల పట్టణమని దానికి అర్థము చెప్పుదురు. పట్టణమునకు తెలివి యెక్కడిది? తెలివి యుండవలసినది పట్టణవాసులకును, వారి పాలకులకును. సరే, మాట వాడుకలోనికి వచ్చినది గనుక మనమును వాడుదము. వీధిదీపపు స్తంభమునకో, మురుగుకాలువ మూతక్రిందనో, బస్సు కప్పుపైననో ఒక చిన్న యంత్రమును తగిలింతురు. దానిని సెన్సరందురు. అది వేడిమినో, పొగనో, నీటిమట్టమునో కొలిచి, తీగ లేకయే కార్యాలయమునకు అంకెలను పంపుచుండును. అట్లు పోగైన యంకెల రాశికే డేటా యని పేరు. కరణముగారి యడంగలు మీకు తెలియును గదా! ఏ సర్వేనంబరులో ఏ పైరు వేసిరి, ఎంత పండినది అని ఫసలీవారీగా వ్రాసెడివారు. డేటా యనగా ఎవరును కూర్చుండి వ్రాయనక్కఱలేని యడంగలు. ఇక పైలట్ ప్రాజెక్టనగా ఊరంతట పెట్టుటకు పూర్వము ఒక్క పేటలో పెట్టి చూచు ప్రయోగము. క్రొత్త విత్తనమును మొదట ఒక మడిలో చల్లి చూచుట వంటిది.

యూరోపియను యూనియను నేడు ఇరువదియేడు రాజ్యముల కూటమి. దాని ముఖ్య కార్యస్థానము బ్రస్సెల్సు నగరము. ఏడేండ్లకొకమాఱు ఆ కూటమివారు ఆయవ్యయముల ప్రణాళిక వేసికొందురు. 2021 మొదలు 2027 వఱకు వేసికొన్న ప్రణాళికలో మన విషయమునకు సంబంధించిన ఖాతాలు రెండు ముఖ్యమైనవి. మొదటిది హొరైజన్ యూరోపు. పరిశోధనలకై యేర్పడిన ఈ ఖాతాకు ఆరంభమున కేటాయించినది సుమారు 9,550 కోట్ల యూరోలు. రెండవది డిజిటల్ యూరోపు. పరిశోధనలో తేలినదానిని వాడుకలోనికి తెచ్చుట దీని పని. దీనికి కేటాయించినది ఏడెనిమిది వందల కోట్ల యూరోలు.

హొరైజన్ ఖాతాలో పురపాలకసంఘము వంటి లాభాపేక్షలేని సంస్థకు, ఒప్పుకొన్న ఖర్చులో నూటికి నూఱుపాళ్లు దొరకవచ్చును. లాభము కొఱకు నడచు కంపెనీకి, పని వాడుకకు దగ్గఱగానున్న తరగతిదైనచో, నూటికి డెబ్బది పాళ్లే. డిజిటల్ యూరోపులోనన్ననో, సామాన్యముగా సగమే. నగరములు తమ యంకెలను ఒకదానితో నొకటి పంచుకొనుటకై యొక ఉమ్మడి యేర్పాటు ఈ ఖాతా ధనముతో 2023లో మొదలైనది. దానిక్రింద ప్రయోగములు చేయు పట్టణములకు దొరకునదియు సగపాలే. మిగిలిన సగమును అర్జీదారులు తెచ్చుకొనవలెను.

ఆ సగమును ఎక్కడనుండి తెత్తురు? ఇచ్చటనే కుడిమరామత్తు కనబడును. పట్టణము తన పాలు అంతయు రొక్కముగా మూటగట్టి చూపనక్కఱలేదు. తన ఉద్యోగులు ఆ పనిలో గడపిన దినముల జీతము కూడ ఖర్చుగానే లెక్కకు వచ్చును. లెక్క యెట్లనగా, ఒక ఉద్యోగిపై ఏడాదికగు వ్యయమును 215చేత భాగింతురు. ఏటికి 43,000 యూరోలు వ్యయమగు ఉద్యోగి యొకదినపు వెల 200 యూరోలన్నమాట. అతడు ఆ పనిపై నూఱుదినములు గడపినచో ఖర్చు ఇరువదివేలు. సగపాలు ఖాతాలో అందులో పదివేలు బ్రస్సెల్సునుండి వచ్చును, పదివేలు పట్టణము మోసినట్లగును. మనవారు గంపలతో లెక్కించినదానిని వారు దినములతో లెక్కించుచున్నారు. ప్రతి ఉద్యోగియు నెలకొకమాఱు ఏయే పనికి ఎన్నిదినములు గడపెనో కాగితముపై పెట్టి చేవ్రాలు చేయవలెను. పై యధికారియు చేవ్రాలు చేయవలెను. ఒకే ఖర్చునకు రెండు ఖాతాలనుండి ధనము తీసికొనుట నిషిద్ధము. పెద్ద మొత్తములైనచో, కడపటి పైకము చేతికందిన తరువాత ఐదేండ్లవఱకు కాగితములను భద్రపఱుపవలెను. ఎప్పుడైనను తనిఖీదారు రావచ్చును. ఈ కాగితముల బరువును తలచియే చిన్నపట్టణములు కొన్ని అర్జీ పెట్టుటకు వెనుదీయుచున్నవట. వారి భయము నిష్కారణమని నేననజాలను.

ఇక అర్జీ సంగతి. ఫలానా పనికి ఇంత ధనమున్నది, ఫలానా తేదీలోపల దరఖాస్తు పెట్టుకొనుడని యూనియనువారు ప్రకటింతురు. అర్జీ యంతయు ఇంటర్నెట్టుమీదనే. ప్రతి సంస్థయు ముందుగా నమోదై తొమ్మిదంకెల సంఖ్యను పొందవలెను. హొరైజన్ ఖాతాలో సామాన్యముగా ఒంటరివానికి ధనము లేదు. మూడు వేర్వేఱు రాజ్యములకు చెందిన మూడు సంస్థలైనను పొత్తు కూడవలెను. పుటల సంఖ్యకు హద్దు కలదు. హద్దు మీఱిన పుటలను పరీక్షకులు చదువనే చదువరు. పరీక్షలలో అదనపు కాగితములడిగి నింపిన విద్యార్థులకు మార్కులు వేసి వేసి అలసిన నాకు, ఈ నియమమొక్కటి మాత్రము మిక్కిలి నచ్చినది! గడువుదినమున బ్రస్సెల్సు గడియారములో సాయంకాలము ఐదు గంటలు కాగానే తలుపు మూసికొనును. మన గడియారమున అది వేసవిలో రాత్రి ఎనిమిదిన్నర, శీతకాలమున తొమ్మిదిన్నర.

మార్కులంటిని గదా, నిజముగనే మార్కులు వేయుదురు. పని యెంత శ్రేష్ఠమైనది, దానివలన లోకమునకు కలుగు ఫలమెట్టిది, దానిని నెఱవేర్చు నేర్పును ఏర్పాటును ఎట్టివి అని హొరైజన్ ఖాతాలో మూడు ప్రశ్నలు. ఒక్కొక్కదానికి ఐదేసి మార్కులు. ప్రతిదానిలోను మూడు తగ్గరాదు; మొత్తము పది తగ్గరాదు. ఆ గీటు దాటినవారిలో పైవరుసనున్నవారికే ధనము. గడువు ముగిసిన ఐదు మాసములలోపల ఫలితము తెలియవలెనని నియమము.

నాయొద్ద హైస్కూలులో తెలుగు చదువుకొన్న శిష్యుడొకడు ఇప్పుడు యూరోపులో నొక మధ్యతరగతి పట్టణమునందు పురపాలక కార్యాలయమున ఉద్యోగము చేయుచున్నాడు. ఆ పట్టణము పేరు చెప్పుట యుచితము కాదు. సెలవులకు వచ్చి నన్ను చూడవచ్చినప్పుడు వారి యర్జీ సంగతి చెప్పెను. "మాస్టారూ, మొత్తము పదకొండు మార్కులు వచ్చినవి, అయినను తప్పితిమి" అనెను. అదెట్లని యడిగితిని. శ్రేష్ఠతకు నాలుగున్నర, నిర్వహణమునకు నాలుగు వచ్చినవి. ఫలమునకు మాత్రము రెండున్నరయే వచ్చినది. ఆ యరమార్కు కొఱతచే అర్జీ వీగిపోయినది.

వారు కోరినదేమనగా, వీధులలోని చెత్తకుండీలకు సెన్సరులు తగిలింతుము, కుండీ నిండగానే అది కార్యాలయమునకు తెలుపును, లారీ నిండినవానియొద్దకే పోవును, డీజిలు కలిసివచ్చును. వినుటకు బాగుగనే యున్నది. పరీక్షకులు రెండు ప్రశ్నలు వేసిరి. ఈ పని కావలెనని పట్టణమున నడిగినవారెవరు? మూడేండ్ల తరువాత యంత్రముల బ్యాటరీలకు పైక మిచ్చువారెవరు? అర్జీలో రెంటికిని జవాబు లేదు. నా శిష్యుడు పట్టుదలగలవాడు. తెల్లవాఱుజామున చెత్తలారీ యెక్కి డ్రైవరు ప్రక్కన కూర్చుండి వారము దినములు తిరిగినాడట. సంతదినమున ఏ కుండీ నిండునో, పాఠశాలకు సెలవులిచ్చినప్పుడు ఏది ఖాళీగా నుండునో ఆ డ్రైవరునకు కంఠస్థము. యంత్రము చెప్పబోవునది అతనికి ముందే తెలియును. అతనికి తెలియనిది వేఱొకటి కలదు. వానాకాలపు రాత్రులలో రైలువంతెన క్రిందను, ఏటి యొడ్డు వీధులలోను నీరెప్పుడు పొంగునో చెప్పజాలడు. రెండుమాఱులు లారీ అందు చిక్కుపడినదట. ఊరికి నిజముగా తెలియనిది ఏదియో ఇట్లు చెత్తలారీమీద తెలిసినది.

నమూనా ప్రయోగమునకు గడువుండును. గడువు తరువాతి నాటి మాట యెవరెత్తుదురు? ఉత్తర స్పెయినులో సముద్రతీరమున శాంతాందేర్ అను నగరము కలదు. అచ్చట 2010 మొదలు 2013 వఱకు, యూరోపియను యూనియనువారి పూర్వపు పరిశోధన ఖాతా ధనముతో స్మార్ట్ శాంతాందేర్ అను పేర నొక గొప్ప ప్రయోగము జరిగెను. ఆ యూరి విశ్వవిద్యాలయమును, ఒక టెలిఫోను కంపెనీయు, ఇతరదేశముల పరిశోధనాలయములును కూడి నగరమున సుమారు 12,000 సెన్సరులను నెలకొల్పిరి. దీపస్తంభములపైన కొన్ని, బస్సులపైన కొన్ని, ఉద్యానములలో తడిని కొలుచుటకు కొన్ని. కార్లు నిలుపు తావులలోనన్ననో తారురోడ్డును తొలిచి లోపల పాతిరి. పైన కారు నిలిచినదో లేదో అవి తెలుపగా, వీధిమొగలలోని పలకలపై ఖాళీతావుల సంఖ్య కనబడును. ప్రపంచములోని పురపాలకులెందఱో పోయి దానిని చూచి వచ్చిరి. ఆ ప్రయోగమువలన విద్వాంసులు నేర్చుకొన్నది చాల కలదు. దానిని తక్కువచేసి మాటలాడను. కాని తారులో పాతిన యంత్రమునకు బ్యాటరీ తీఱినప్పుడు మరల తారునే తొలువవలెను. ప్రయోగముగా పాతుటకు బ్రస్సెల్సు ధనమున్నది. తిరిగి తొలుచుటకు ఊరి పన్నే గతి. చెఱువు త్రవ్వించిన మహారాజు పేరు శాసనములో నుండును. ఏటేట పూడిక తీసినవారి పేరు ఏ శాసనములోను కానరాదు గదా.

దీనికి భిన్నమైన కథ యొకటి అదే స్పెయినుదేశమున బార్సెలోనా నగరమున జరిగినది. గ్రాసియా అను పేటలో ప్లాసా దెల్ సోల్ అని యొక చిన్నమైదానము కలదు. సూర్యుని చౌకు అని దానికి అర్థము. రాత్రి ప్రొద్దుపోవువఱకు పడుచువారు అచ్చట చేరి పాటలు, కేకలు, సీసాల చప్పుడు. చుట్టునున్న యిండ్లవారికి నిద్ర కఱవు. ఏండ్లతరబడి మొఱపెట్టుకొన్నను, చప్పుడెంత యని యడిగినవారికి చూపుటకు వారియొద్ద నేమియు లేదు. 2015 మొదలు 2017 వఱకు హొరైజన్ 2020 అను ఖాతా ధనముతో ఆమ్‌స్టర్‌డామ్, బార్సెలోనా, ప్రిష్టినా అను మూడు నగరములలో మేకింగ్ సెన్స్ అను ప్రయోగము నడచెను. బార్సెలోనాలో ఆ ప్రయోగమువారు ఈ చౌకువారిని కలిసికొనిరి. చప్పుడును కొలుచు చిన్న పెట్టెలను ఇండ్లవారే తమ బాల్కనీలలో తగిలించుకొనిరి. పెట్టెలు సరిగా కొలుచుచున్నవో లేదో సరిచూచుటయు వారే నేర్చుకొనిరి. నిద్రించువేళ చప్పుడు ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ఉండదగునన్న హద్దును మీఱుచున్నదని అంకెలు తేల్చినవి. ఆ కాగితములు పట్టుకొని పురపాలకులయొద్దకు పోయిరి. మాటకు మాట కాక అంకె యెదుట నుండుటచే సంప్రదింపులు సాగినవి. పడుచువారు కూర్చుండు మెట్లపై పూలతొట్లు వెలసినవి.

శాంతాందేరులో పెట్టిన యంత్రములు పండ్రెండువేలు, ఇచ్చట పదులలోనే. సంఖ్యలో పోలికయే లేదు. అయినను ఆ పెట్టెలు ఎవరి యింటివో వారికే ప్రశ్న యున్నది గనుక, దుమ్ము తుడుచుటకు, తీగ ఊడినప్పుడు మరల తగిలించుటకు ప్రత్యేకముగా నొక ఉద్యోగిని నియమింపనక్కఱలేకపోయినది. నా దృష్టిలో ఊరి పాలనగా ఇదియే. లెక్కలో చూపు సగము రూపాయలకును దీనికిని సంబంధము తక్కువ. నూటికి నూఱుపాళ్లు బ్రస్సెల్సువారే యిచ్చినను ఈ పాలు మాత్రము వారివలన రాదు.

ఇంకొక చిక్కును గూర్చి రెండుమాటలు. వీధిలో నీటిని కొలుచుట వేఱు, మనుష్యులను లెక్కించుట వేఱు. కెమేరాలు, చేతిఫోనులు పంపు సంకేతములు ఎవరెప్పు డెచ్చట నుండెనో చెప్పగలవు. వ్యక్తుల సమాచారమును కాపాడుటకై యూరోపియను యూనియనువారు చేసిన కఠినమైన శాసనము 2018 మే 25 మొదలు అమలులోనికి వచ్చినది. కారణము చెప్పక ఎవరి సంగతియు సేకరింపరాదు. అవసరమునకు మించి నిలువయుంచరాదు. నా గూర్చి యేమి వ్రాసియున్నారో చూపుడని యడుగు హక్కు ప్రతివానికి కలదు. అందుచే అర్జీలోనే ధర్మాధర్మవిచారణకు ప్రత్యేకముగా పుటలుండును. మన పల్లెలలో ఎవరింటికి ఎవరు వచ్చి పోయిరో అరుగుమీది వృద్ధులకందఱికి తెలియును. కాని ఆ యరుగు మనకెఱుకయైనది. అది మనల చూచుచున్నదని మనకు తెలియును, మనమును దానిని చూచుచుందుము. స్తంభముపైనున్న కన్ను అట్టిది కాదు.

యూరోపు ధనము మన తెలుగుదేశమునకును వచ్చియున్నది. 2018లో భారతప్రభుత్వమువారు, ఫ్రెంచి అభివృద్ధిసంస్థవారు, యూరోపియను యూనియనువారు కలిసి సిటీస్ అను పథకమును స్థాపించిరి. ఫ్రెంచివారిది పదికోట్ల యూరోల అప్పు. యూనియనువారిది నిపుణుల సాహాయ్యము కొఱకు అరువది లక్షల యూరోల గ్రాంటు. పోటీలో నెగ్గిన పండ్రెండు నగరములలో విశాఖపట్టణమును, అమరావతియు నున్నవి. విశాఖవారు కోరుకొన్నది పురపాలకసంఘపు బడులను బాగుచేసికొనుటకు. అది యంకెల ప్రయోగము కాదు. పైగా అందు పెద్దభాగము అప్పు, తీర్చవలసినది. గ్రాంటును అప్పును ఒకే కాగితముపై నుండుటచే వినువారు రెంటిని కలిపి ఇన్నికోట్లు వచ్చినవందురు; వేఱుచేసి చదువవలెను. ఇక హొరైజన్ ఖాతాలో భారతదేశపు సంస్థలు పొత్తు కూడవచ్చును గాని, సామాన్యముగా తమ ఖర్చును తామే తెచ్చుకొనవలసియుండినది.

నా శిష్యుని పట్టణమువారు రెండవమాఱు అర్జీ పెట్టిరి. ఈమాఱు చెత్తకుండీల ప్రసక్తి లేదు. రైలువంతెన క్రిందను, ఏటి యొడ్డు మురుగుకాలువలలోను నీటిమట్టమును కొలుచు యంత్రములు నలుబది మాత్రము కోరిరి. ఇట్టి వరదబాధయే గల రెండు పట్టణములు ఇతరరాజ్యములనుండి పొత్తునకు వచ్చినవి. ప్రయోగము ముగిసిన తరువాత ఐదేండ్లు యంత్రములను చూచుకొను ఖర్చును నీటిసరఫరా శాఖ పద్దులో చేర్చుచు పురపాలకసంఘమువారు ముందుగనే తీర్మానము చేసి, దాని ప్రతిని జతచేసిరి. పనివారి దినముల పట్టికలో ఇంజనీరుల పేర్ల క్రింద, చెత్తలారీ డ్రైవరు పేరున ఇరువది దినములు వ్రాసిరట. ఫలిత మింకను రాలేదు.